వోటు లేని పెద్ద

(సంఘ వార్షికోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



కేంద్ర ప్రభుత్వోద్యోగి ఇంటికి బదిలీ ఉత్తరువు వచ్చిననాడు మొట్టమొదట లేచు ప్రశ్న పిల్లల చదువు. తండ్రి గౌహతికో జబల్పూరునకో పోవలెను. కుమారుడు ఇంటరు రెండవ సంవత్సరములో నున్నాడు. కుమార్తె అప్పుడే డిగ్రీలో చేరినది. ఆ పూట హాస్టలు అను మాట ఇంటిలోనికి ప్రవేశించును. పెట్టె, పరుపు, బకెట్టు, తాళము కొందురు. వార్డెను గారిని చూచి నమస్కరించి, "మా పిల్లవానిని కాస్త కనిపెట్టి ఉండండి" అని చెప్పి రైలెక్కుదురు. ఆ తరువాత ఆ పిల్లవాడు అచట ఎవరితో కూర్చుండి ఏమి తీర్మానించుకొనుచున్నాడో, హాస్టలు వ్యవహారములలో అతని మాట చెల్లునో చెల్లదో, నలుగురిలో మాటాడుట అతనికి ఎవరు నేర్పుచున్నారో అడుగు తల్లిదండ్రులు అరుదు. మెస్సులో సాంబారు ఎట్లున్నదని మాత్రము తప్పక అడుగుదురు.

ఆ అడుగని ప్రశ్నను గురించినదే ఈ ప్రసంగము. అమెరికా దేశపు కళాశాలలు దానికి ఒక విధమైన సమాధానమును ఏడు దశాబ్దములుగా నడుపుకొని వచ్చుచున్నవి. అందు మెచ్చదగినది కలదు, మెచ్చరానిదియు కలదు. రెండును తెలిసికొనుట మంచిది.

అచటి విశ్వవిద్యాలయములలో అనేకమునకు ఆవరణలోనే విద్యార్థులు నివసించు భవనములు గలవు. పూర్వము వీనిని డార్మిటరీలు అనెడివారు. నిద్రించు చోటు అని దాని అర్థము. గృహవసతి శాఖవారికి ఆ మాట రుచింపలేదు. నిద్రించుటకే అయినచో సత్రము చాలును, ఇది చదువులో ఒక భాగము అని వారి వాదము. అందుచేత రెసిడెన్సు హాలు అని పేరు మార్చిరి. విద్యార్థులు మాత్రము నేటికిని డార్మ్ అనియే అందురు. ఆఫీసు ఉత్తరువు చేత వాడుక మాట మారిన దాఖలా ఏ దేశమునను లేదు గదా!

ఒక్కొక్క హాలునకు ఒక మండలి యుండును. మండలుల ప్రతినిధులు కలిసి విశ్వవిద్యాలయమంతటికిని ఒక వసతిగృహ విద్యార్థి సంఘముగా ఏర్పడుదురు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అందరును విద్యార్థులే. గది అద్దె పెంపుదల, భోజనశాల వేళలు, బట్టలుతుకు యంత్రములు చాలకపోవుట, రాత్రి నిశ్శబ్దముగా నుండవలసిన గంటలు, అతిథులు వచ్చుటకు నియమములు — ఇవి వారు చర్చించు విషయములు. వినుటకు చిన్నవి. ఒకే గోడకు ఇరుప్రక్కల పడుకొనువారికి ఇంతకంటె పెద్ద విషయములు లేవు.

1954లో అయోవా స్టేట్ కళాశాల మొదలైన మధ్యపశ్చిమ ప్రాంతపు సంస్థల విద్యార్థులు ఒకచోట చేరి మిడ్‌వెస్ట్ డార్మిటరీ కాన్ఫరెన్సు అను పేర ఒక కూటమిని నెలకొల్పిరి. ఒక హాలులో పరిష్కారమైన చిక్కు వేరొక ఊరి హాలులో కొత్తగా మొదలగుచున్నది, ఒకరి అనుభవము మరొకరికి అందినచో మేలు గదా అన్నదియే ఇట్టి కూటమికి ఆధారము. అదియే పెరిగి నేషనల్ అసోసియేషన్ ఆఫ్ కాలేజ్ అండ్ యూనివర్సిటీ రెసిడెన్స్ హాల్స్ అను జాతీయ సంఘమైనది. దానికి ఎనిమిది ప్రాంతీయ శాఖలు కలవు. ఆకురాలు కాలమున ప్రాంతీయ మహాసభలు, వేసవి మొదట జాతీయ మహాసభ జరుగును. మహాసభను తమ ఆవరణలో జరుప గోరువారు ప్రణాళికను, బడ్జెట్టును వ్రాసి సమర్పించి, ఇతర విద్యార్థుల ప్రశ్నలకు నిలువబడి సమాధానము చెప్పి, వోటు గెలువవలెను. కార్యవర్గము కూడ విద్యార్థులదే.

ఈ విద్యార్థుల నడుమ ఒక పెద్ద మనిషి కూర్చుండును. ఆయననే సలహాదారు అందురు. చాల తావుల ఆయన గృహవసతి శాఖలో జీతము తీసికొను ఉద్యోగి; కొన్నిచోట్ల ఆ హాలులోనే కాపురముండు యువకుడు లేక యువతి. విద్యార్థి వ్యవహారములే విషయముగా ఎం.ఏ. వంటి పట్టము పొందినవారు వీరిలో అనేకులు. సంఘ సమావేశములకు వచ్చును, లెక్కలు చూచును, మహాసభకు ప్రతినిధి వర్గముతో ప్రయాణము చేయును. వోటు మాత్రము లేదు.

ఈ స్థితిలోని ఇరకాటము కేంద్ర ప్రభుత్వోద్యోగులకు వివరింప నక్కరలేదు. 1966లో సంయుక్త సంప్రదింపుల యంత్రాంగము ఏర్పడిననాటి నుండి బల్లకు ఒక ప్రక్క అధికార పక్షము, మరియొక ప్రక్క ఉద్యోగుల పక్షము కూర్చుండుట మనవారెరిగినదే. ఎవరు ఎవరి పక్షమో కుర్చీని బట్టియే తెలియును. ఈ సలహాదారు కుర్చీ ఆ బల్ల కొసన, రెండు ప్రక్కల నడుమ వేసిన కుర్చీ. జీతమిచ్చునది శాఖ, విశ్వసించి పిలుచునది విద్యార్థులు. అద్దె పెంపును ప్రతిఘటించుచు విద్యార్థులు శాఖకు వ్రాయు విజ్ఞప్తిలో అంకెలు తప్పుగా నున్నచో సరిచేయుమని చెప్పవలసినవాడును ఆయనే. తన పై అధికారికి కష్టము కలిగించు విజ్ఞప్తిని మరింత బలముగా వ్రాయుటకు తోడ్పడుట అన్నమాట. ఇట్లు చేయగలిగినవాడే మంచి సలహాదారు. చేయలేనివాడు శాఖవారి వేగు అని విద్యార్థులు నెల దినములలో గ్రహింతురు. ఆపైన ఆయన ఉన్న గదిలో అసలు మాట ఒక్కటియు మాటాడరు.

సమావేశములో ఆయన పని చాలవరకు ప్రశ్న వేయుట. సంఘము టీషర్టులకై పెద్ద మొత్తము ఖర్చు చేయ సంకల్పించిన దనుకొందము. ఉత్సాహము మిక్కుటముగా నున్నది. రంగు కూడ నిర్ణయమైనది. వద్దు అని సలహాదారు ఒక్క మాట అనిన చాలును, ఆగిపోవును. కాని ఆ ఒక్క మాటతో విద్యార్థి నేర్చునది పెద్దల అనుమతి ముందుగా అడుగవలెనని మాత్రమే. అందుచేత తెలిసినవాడు, "హాలులో ఎందరున్నారు? టీషర్టు ఎందరికి వచ్చును? రానివారు అడిగినచో కోశాధికారి ఏమి చెప్పును?" అని మూడు ప్రశ్నలు వేసి ఊరకుండును. అప్పటికిని కొనుటకే తీర్మానమైనచో కొననిచ్చును. టీషర్టులు మిగిలిపోయి, మెట్లక్రింది గదిలో అట్టపెట్టెలలో మూలుగును. తరువాతి సంవత్సరపు కోశాధికారి ఆ పెట్టెలను చూచి నేర్చుకొనును. ఈ నష్టము చదువు ఖర్చులో భాగము.

ఊరకుండుట చూచుటకు సులభము, చేయుట కష్టము. ఇరువది యేండ్ల పిల్లలు తప్పు దారిని పోవుచున్నారని కనబడుచుండగా నోరు కట్టుకొని కూర్చుండుటకు, ఇంట పెండ్లీడు పిల్లలున్న తల్లిదండ్రులకు ఎంత నిగ్రహము కావలెనో అంత నిగ్రహము కావలెను.

అయితే ఊరకుండరాని తావులు కొన్ని గలవు. మొదటిది సొమ్ము. సంఘమునకు ఆదాయము నివాసుల చందా నుండి వచ్చును. మరికొంత అమ్మకముల వలన. పరీక్షల దినములలో ఇంటినుండి తల్లిదండ్రులు ముందుగా పైకము చెల్లించినచో, తినుబండారములు నింపిన పెట్టెను విద్యార్థి గదికి చేర్చు ఏర్పాటు అందొకటి. ఎచటనో నూరుల మైళ్ల దూరమున నున్న తల్లి కట్టిన పైకము అది. పెట్టె అందకపోయినను, లెక్క తప్పినను, విద్యార్థులు నేర్చుకొనుచున్నారు లెండి అని చెప్ప వీలులేదు. అందుచేత రసీదు లేని ఖర్చునకు సలహాదారు సంతకము చేయరాదు. కోశాధికారి ఎంత మంచివాడైనను చేయరాదు. మంచివానిని కాపాడుటకే ఆ నియమము.

ఈ హద్దులు ఏర్పడుట వెనుక న్యాయస్థానముల కథ యొకటి కలదు. అమెరికాలో చిరకాలము కళాశాల తండ్రి స్థానమున నిలిచినదను సిద్ధాంతము చెల్లెను. కెంటకీ రాష్ట్రములోని బెరియా కళాశాల తన విద్యార్థులు బయటి హోటళ్లలో తినరాదని శాసింపగా, హోటలు యజమాని దావా వేసెను. 1913లో తీర్పు కళాశాలకే అనుకూలమైనది; తండ్రి చేయగల కట్టడి కళాశాలయు చేయవచ్చుననిరి. ఆ పట్టు సడలినది 1961లో. ముందటి సంవత్సరము అలబామా రాష్ట్రమున మాంట్‌గమరీ నగరములో నల్లజాతి విద్యార్థులు తెల్లవారికి మాత్రమే ఉద్దేశింపబడిన ఉపాహారశాలలో కూర్చుండి, వడ్డింపుమని అడిగిరి. వారిలో కొందరిని విచారణ లేకయే ప్రభుత్వ కళాశాల వెడలగొట్టెను. నోటీసు ఇయ్యక, చెప్పుకొనుటకు అవకాశమీయక అట్లు చేయరాదని డిక్సను కేసులో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము తేల్చెను. 1971లో పదునెనిమిదేండ్లకే వోటు హక్కు వచ్చెను. 1974 చట్టము చేత కళాశాల విద్యార్థి రికార్డులపై హక్కు విద్యార్థిదే అయినది. కొన్ని మినహాయింపులు తప్ప, అతని అనుమతి లేక మార్కులు తండ్రికైనను తెలుపరాదు. 1984 చట్టముతో మద్యము కొనుటకు వయస్సు దేశమంతటను ఇరువది యొకటికి పెరిగెను. తత్ఫలితముగా పందొమ్మిదేండ్ల ప్రతినిధి దేశాధ్యక్షుని ఎన్నుకొనవచ్చును, సైన్యమున చేరవచ్చును, మహాసభలో తీర్మానమును ఓడింపవచ్చును. ఆ రాత్రి ఒక సీసా బీరు మాత్రము కొనరాదు. సగము పెద్దవాడు, సగము పిల్లవాడు అయిన ఈ వ్యక్తితోనే సలహాదారు వ్యవహరింపవలెను.

తండ్రి స్థానమున నిలుచుటయా, ప్రక్కన నిలుచుటయా అను తగవు మన దేశమునను కలదు. 1918లో రాజా బహదూరు వెంకట్రామరెడ్డి గారు హైదరాబాదున స్థాపించిన రెడ్డి హాస్టలు తెలుగు పిల్లలకు కూడు గూడులతో పాటు గ్రంథములను, వ్యాసంగమును అలవరచినది. దాని వ్యవహారములు చూచిన సురవరం ప్రతాపరెడ్డి గారే 1926లో గోలకొండ పత్రికను వెలువరించిరి. అది ప్రక్కన నిలిచిన తీరు. ఇరువది యేండ్లకు, 1938లో, ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములలో విద్యార్థులు ప్రార్థనవేళ వందేమాతరము పాడగా అధికారులు నిషేధించిరి. సమ్మె జరిగెను, అనేకులు బహిష్కృతులైరి. నాగపూరు విశ్వవిద్యాలయము వారిలో పలువురిని చేర్చుకొనెను. అట్లు నాగపూరునకు పోయి చదివినవారిలో పి.వి. నరసింహారావు గారు ఒకరు. ప్రార్థన గదిలో మొదలైన చర్చను ఆ గదిలోనే కూర్చుండి వినదగిన పెద్ద ఒకడు లేకపోవుట వలన ఎంత దూరము పోయెనో ఆ చరిత్ర చెప్పుచున్నది. నేడు మనకు 2009 నాటి ర్యాగింగు నిరోధక నిబంధనలు ఉన్నవి. విద్యార్థియు తల్లిదండ్రులును ప్రమాణపత్రము వ్రాసి ఇయ్యవలెను. అవి అవసరమే. కాని నిబంధనలు చేయరానిదానిని చెప్పును. మెస్సు కమిటీలో ఉన్న పిల్లవానికి లెక్క వ్రాయుట, ఎదుటివాని మాట వినుట, ఓడినప్పుడు కోపము దిగమ్రింగుట నేర్పు మనిషిని నిబంధన సృష్టింపజాలదు.

ఇక ప్రతినిధి వర్గము మాట. సలహాదారుని అసలు పరీక్ష ప్రయాణములోనే.

మొదట ఎవరు పోవలెనను ప్రశ్న. సంఘాధికారులే ప్రతి యేట పోయినచో మహాసభ వారి విహారయాత్ర యగును. మొదటి సంవత్సరపు విద్యార్థులను ఇద్దరు ముగ్గురినైన చేర్చినగాని మరుసటి యేటికి సంఘములో తెలిసినవారుండరు. ఈ సంగతిని సలహాదారు గుర్తుచేయవచ్చును, పేర్లు చెప్పరాదు. పేర్లు చెప్పిన క్షణము నుండి ఆయన ఒక వర్గమునకు చెందినవాడగును.

తరువాత వాహనము. ఇచటనే ఊరకుండరాని రెండవ తావు ఉన్నది. పదునైదు మంది కూర్చుండు వ్యాను విద్యార్థి బృందములకు అతి చవుక. కాని ఆ వ్యానులో పది మందికి మించి ఎక్కినచో, ఒంటి వాహన ప్రమాదములలో అది బోల్తాపడు అవకాశము తక్కువ మంది ఉన్నప్పటికంటె దాదాపు మూడు రెట్లని అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ 2001లో హెచ్చరించెను. బరువు వెనుకకు, పైకి చేరుట దానికి కారణము. తదుపరి అనేక విశ్వవిద్యాలయములు ఆ వ్యానుల వాడుకను నియంత్రించినవి, కొన్ని మానివేసినవి. బస్సు బాడుగకు ఇచ్చినచో ఇద్దరు ప్రతినిధులు తగ్గవలసి వచ్చును. ఆ ఇద్దరి ముఖములు సలహాదారు ఎదుటనే యుండును. రాత్రంతయు కేకలు వేసి అలసిన పంతొమ్మిదేండ్ల పిల్లవాడు ఆదివారము నాడు ఆరు గంటల దారి బండి నడుపుదునని ముందుకు వచ్చును. ఇట్టి తావున ప్రశ్నలు వేయుట, వోటునకు పెట్టుట కూడదు. కూడదని చెప్పి, ఆ నింద తానే మోయవలెను. ఏడాది పొడుగున ప్రతి చిన్న విషయమునకు వద్దు వద్దు అనుచు వచ్చినవాని మాట ఈ ఒక్క పూట ఎవరును చెవిని బెట్టరు. టీషర్టుల నాడు నోరు మూసికొన్న ఫలితము ఇచట అక్కరకు వచ్చును.

మహాసభలో కోలాహలము మెండు. ఒక్కొక్క విశ్వవిద్యాలయము పేరు పిలుచునపుడు ఆ బృందము లేచి, ఒకే రంగు దుస్తులతో, సాధన చేసిన కేకలతో హాలు దద్దరిల్లజేయును. చిన్న చిన్న లోహపు బిళ్లలను ఒండొరులతో మార్చుకొందురు. విద్యార్థులే ప్రసంగింతురు: గదిలో తోటివానితో తగవు వచ్చినప్పుడు ఏమి చేయవలెను, చీకటి మూలలకు దీపములు ఎట్లు సాధింపవలెను అని. వీనిలో మంచివి కొన్ని నిజముగా ఊరికి పట్టుకొని పోదగినవి. కాని బహుమతులు, పతకములు, పొగడ్తల పత్రములు మితిమీరినవని చెప్పక తప్పదు. మహాసభలో మారుమ్రోగిన సంఘము పేరు తన హాలులో మూడవ అంతస్తున నున్నవానికి తెలియకపోవుట వింత కాదు. సలహాదారులలో కొందరు ఈ సందడికి తామే లోబడుదురు. తమ బృందము బహుమతి గెలిచిన సంఖ్యయే తమ యోగ్యతాపత్రము అనుకొందురు. అది ఈ వ్యవస్థకు పట్టిన చీడ.

ఆ సందడికి దూరముగా ఒక గదిలో వోట్లు జరుగును. ప్రతి సంస్థకు వోటు వేయు విద్యార్థి ప్రతినిధి ఒకడు కలడు. జాతీయ సంఘముతో ఉత్తరప్రత్యుత్తరములు నడుపుట కూడ అతని పనియే. అక్కడ ఒక ధర్మసందేహము పుట్టును. ఇంటివద్ద సంఘము ఒక తీర్మానమును బలపరచుమని చెప్పి పంపినది. చర్చ విన్న తరువాత అది తప్పని ప్రతినిధికి తోచినది. చెప్పినట్లు వేయవలెనా, తోచినట్లు వేయవలెనా? ఉద్యోగ సంఘముల మహాసభలకు ఢిల్లీకో కలకత్తాకో పోయినవారికి ఈ చిక్కు అనుభవమే. విరామములో ఆ విద్యార్థి వచ్చి "మీరైతే ఏమి చేయుదురు?" అని అడుగును. సమాధానము చెప్పిన సలహాదారు దొంగచాటుగా వోటు వేసినవాడే. "తిరిగి పోయిన తరువాత నిన్ను పంపినవారి ఎదుట నిలువబడి ఏమి చెప్పుదువో ఇప్పుడు చెప్పుము, విందును" అనుట మేలు. చెప్పుచుండగనే పిల్లవానికి దారి తెలియును.

మూడవ తావు రాత్రి వచ్చును. పరాయి ఊరు, అలసట, ఇంటికి దూరము. ఒక విద్యార్థిని వచ్చి "ఒక మాట చెప్పవలెను, ఎవ్వరికిని చెప్పనని మాట యిండు" అనును. జాలిగల మనిషికి వెంటనే మాట ఇయ్యవలెననిపించును. ఇయ్యరాదు. తన ప్రాణమునకు కీడు తలపెట్టినదో, మరియొకరు ఆమె పట్ల దుర్మార్గముగా వర్తించిరో తెలియదు. అట్టి మాట విన్న ఉద్యోగి పై వారికి తెలుపవలెనను నియమము అనేక విశ్వవిద్యాలయములలో కలదు. "రహస్యముగా ఉంచగలనో లేదో విననిదే చెప్పలేను; కాని నిన్ను ఒంటరిగా విడువను" అని ముందే చెప్పవలెను. వినిన తరువాత మాట తప్పుటకంటె వినుటకు ముందు నిజము చెప్పుట దయ. ఆ మాటకు ఆమె లేచి పోవచ్చును కూడ. ఆ రాత్రి సలహాదారునకు నిద్ర పట్టదు. ఈ ఉద్యోగ వివరణ పత్రములలో నిద్ర సంగతి ఎచటను వ్రాయరు.

2023–24 విద్యా సంవత్సరమున అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులుండిరి. ఏ ఇతర దేశము నుండియు అంతమంది లేరు. అందు తెలుగువారి పాలు చిన్నది కాదు. వారిలో అధికులు పై పట్టములకై పోవువారగుటచే, నలుగురైదుగురు కూడి ఊరిలో ఇల్లు అద్దెకు తీసికొందురు; వంట వంతులవారీగా చేసికొందురు. హాలు సంఘములతో వారికి సంబంధము స్వల్పము. మొదటి పట్టమునకు పోవు పిల్లలు మాత్రము ఆ హాలులలోనే చేరుదురు. "ఎన్ని మార్కులు వచ్చినవి?" అని ఇంటినుండి ఆఫీసుకు ఫోను చేసిన తండ్రికి సమాధానము దొరకదు, ఇది నిర్లక్ష్యము కాదని, 1974 నాటి చట్టమని ముందుగా తెలిసియుండుట మంచిది. అడుగవలసినది పిల్లవానినే. అతడు హాలు మండలికి నిలుచుచున్నానని చెప్పినప్పుడు "చదువు చూచుకో" అని త్రుంచివేయుటకు ముందు, ఆ మండలికి సలహాదారు ఎవరో, ఎట్టి మనిషియో ఒకమాట అడుగవచ్చును.

ఆదివారము సాయంకాలము బస్సు బయలుదేరును. సలహాదారు మెట్టు దగ్గర నిలిచి తలలు లెక్కించును, ఒకటి తగ్గును. ఎవరో బిళ్లలు మార్చుకొనుచు వెనుకబడినారు. వత్తురు. మరల లెక్కించును. దారిలో గొంతులు పోయిన పిల్లలు నిద్రించుచుండగా, మహాసభలో విన్నదానిలో హాలులో చేయదగిన రెండు సంగతులు వ్రాయుమని వోటు వేసిన ప్రతినిధికి ఒక కాగితము అందించును. ఆ కాగితమును సంఘపు దస్త్రములో చేర్చవలెను. అధికారులు యేటేట మారుదురు. దస్త్రమును, సలహాదారును మాత్రమే మిగులుదురు. సోమవారము ఉదయము ఎనిమిది గంటల తరగతికి పిల్లలు కండ్లు నులుముకొనుచు పోవుదురు. సలహాదారు బస్సు బాడుగ రసీదు, భోజనముల రసీదులు ముందు వేసికొని లెక్క సరిచూచుచు కూర్చుండును. ఒక రసీదు కనబడదు. టి.ఏ. బిల్లు వ్రాసిన అలవాటున్న ఈ సభికులకు ఆ తరువాతి కథ చెప్పనక్కరలేదు.